మన జోలికి ఎవరొస్తారు? చిన్న ఆఫీసుల కంప్యూటర్ భద్రత – ఒక చరిత్ర

2019 ఏప్రిల్ నెలాఖరున మిషిగన్ రాష్ట్రంలోని బ్యాటిల్ క్రీక్ అనే ఊళ్ళో ఇద్దరు చెవి, ముక్కు, గొంతు వైద్యులు తమ క్లినిక్‌ను శాశ్వతంగా మూసివేశారు. బ్రుక్‌సైడ్ అనే ఆ క్లినిక్ కంప్యూటర్లలోకి ఎవరో చొరబడ్డారు. రోగుల చరిత్రలు, బిల్లులు, అపాయింట్‌మెంట్లు అన్నిటికీ తాళం వేసి, తాళంచెవి కావాలంటే 6,500 డాలర్లు పంపమన్నారు. డబ్బు కట్టినా ఫైళ్ళు తిరిగి వస్తాయన్న నమ్మకం లేక వైద్యులు నిరాకరించారు. చొరబడినవాళ్ళు ఉన్నదంతా చెరిపేశారు. ఏ రోజు ఎవరు రావాలో చెప్పే పట్టిక కూడా పోయింది కాబట్టి, రోగులకు ఫోన్ చేసి సంగతి చెప్పే వీలు కూడా లేకుండా పోయింది. ఆ తర్వాత కొన్ని వారాలు ఒక వైద్యుడు ఆఫీసులో కూర్చుని, తలుపు తీసుకుని వచ్చినవాళ్ళను వచ్చినట్టు చూస్తూ గడిపాడు. ఇద్దరూ అనుకున్నదానికంటే ముందే వృత్తి నుంచి విరమించుకున్నారు.

ఈ వార్త చదివిన రోజు నాకు బాగా గుర్తు. మాది కూడా అలాంటి క్లినిక్కే. ఇద్దరు వైద్యులం, ఒక నర్స్ ప్రాక్టీషనర్, ముందు గదిలోనూ లోపలా కలిపి ఆరుగురు సిబ్బంది. కంప్యూటర్ భద్రత గురించి ఎవరైనా హెచ్చరిస్తే అంతవరకూ నేను చెప్పిన సమాధానం ఒక్కటే: బ్యాంకులు, పెద్ద ఆసుపత్రులు ఉండగా, ఇంత చిన్నవాళ్ళం, మన జోలికి ఎవరొస్తారు?

ఆ ప్రశ్నకు చరిత్ర ఇచ్చే జవాబు ఏమిటో చూడాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. నేను వైద్యుణ్ణి, కంప్యూటర్ శాస్త్రజ్ఞుణ్ణి కాను. కానీ ఒక జబ్బు ఎక్కడ పుట్టింది, ఎవరి ద్వారా పాకింది, ఎవరిని పట్టింది అని వెనక్కి వెళ్ళి చూడటం మా వృత్తిలో భాగం. అలా చూసినప్పుడు నాకు కనిపించినది ఇది: ఈ కథలో చిన్న వ్యాపారం పక్కనున్న పాత్ర కాదు. మొదటి అంకం నుంచీ రంగం మధ్యలోనే ఉంది.

పేరు పెట్టినవాడు

కంప్యూటర్లకు వచ్చే జబ్బుకు ‘వైరస్’ అన్న పేరు మా శాస్త్రం నుంచి వెళ్ళిందే. 1983 నవంబరులో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఫ్రెడ్ కోహెన్ అనే విద్యార్థి, ఇతర ప్రోగ్రాములలోకి తనను తాను నకలు చేసుకునే ఒక ప్రోగ్రాము రాసి చూపించాడు. దానికి వైరస్ అనే పేరు సూచించినది అతని ఆచార్యుడు లియొనార్డ్ అడల్మన్. ఈ పేరు పాఠకులు గుర్తుంచుకోవాలి. 1977లో ఎమ్.ఐ.టి.లో రైవెస్ట్, షమీర్‌లతో కలిసి ఆర్.ఎస్.ఎ. అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిని రూపొందించినది కూడా ఈయనే. ఆ మూడక్షరాలలో చివరి ‘ఎ’ అడల్మన్‌ది. రోగానికి పేరు పెట్టిన మనిషే, ఆ రోగం ముప్పై ఏళ్ళ తర్వాత ఆయుధంగా వాడుకోబోయే తాళాన్ని కూడా తయారుచేశాడన్నమాట. ఆ తాళం తయారైనది మన రహస్యాలను కాపాడటానికే. అందులో ఆయన తప్పేమీ లేదు.

ఐ.బి.ఎమ్. తరహా పర్సనల్ కంప్యూటర్ల మీద లోకమంతా పాకిన మొదటి వైరస్ 1986లో లాహోర్‌లో పుట్టింది. దాన్ని రాసింది సైన్యాలో గూఢచారులో కాదు. బాసిత్ ఫరూఖ్ అల్వీ, అమ్జద్ ఫరూఖ్ అల్వీ అనే ఇద్దరు అన్నదమ్ములు. వాళ్ళది ‘బ్రెయిన్ కంప్యూటర్ సర్వీసెస్’ అనే చిన్న దుకాణం. వాళ్ళు రాసిన వైద్య సంబంధమైన సాఫ్ట్‌వేర్‌ను జనం డబ్బివ్వకుండా నకళ్ళు తీసుకుంటున్నారని, ఆ దొంగ నకళ్ళ జాడ కనిపెట్టడానికే ఆ ప్రోగ్రాము రాశామని తర్వాత చెప్పుకున్నారు. దాని లోపల తమ పేర్లూ, దుకాణం చిరునామా, ఫోన్ నంబర్లూ కూడా రాసుకున్నారు. ఫ్లాపీ డిస్కుల మీద ఎక్కి ఆ వైరస్ ఖండాలు దాటింది. తన సరుకును కాపాడుకోబోయిన ఒక చిన్న వ్యాపారి చేతిలోంచి ఈ చరిత్ర మొదలైందన్న సంగతిలో కొంత వింత, కొంత విచారం ఉన్నాయి.

టపాలో వచ్చిన డిస్కు

డబ్బు కోసం కంప్యూటర్‌ను బందీ చేయడం మరో మూడేళ్ళకు మొదలైంది. అందులో వైద్యులే మొదటి లక్ష్యం.

1989 డిసెంబరులో లండన్ నుంచి దాదాపు ఇరవై వేల ఫ్లాపీ డిస్కులు టపాలో బయలుదేరాయి. వాటి మీద ఎయిడ్స్ గురించిన సమాచారం అని రాసి ఉంది. ఎయిడ్స్ పేరు వింటేనే లోకం వణికిపోతున్న రోజులవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వహించిన ఎయిడ్స్ సదస్సుకు వెళ్ళినవాళ్ళ జాబితా, ఒక వ్యాపార కంప్యూటర్ పత్రిక చందాదారుల జాబితా చేతిలో పెట్టుకుని ఆ డిస్కులు పంపారు. అంటే అవి చేరినది పరిశోధకులకూ, వైద్యులకూ, చిన్నా పెద్దా ఆఫీసులకూ. డిస్కు నడిపితే కొన్ని ప్రశ్నలు అడిగి, మీకు ఆ వ్యాధి సోకే అవకాశం ఎంతో చెప్పేది. ఈలోగా తెర వెనక కంప్యూటర్ ఎన్నిసార్లు ఆన్ చేశారో లెక్కపెడుతూ ఉండేది. ఆ లెక్క తొంభైకి చేరగానే ఫైళ్ళ పేర్లన్నీ గందరగోళం చేసి దాచేసి, అద్దె కట్టమనేది. ఏడాదికయితే 189 డాలర్లు, శాశ్వతంగా అయితే 378 డాలర్లు, పనామాలోని ఒక పోస్టు బాక్సుకు పంపాలి. అడిగిన సంస్థ పేరు పీసీ సైబోర్గ్ కార్పొరేషన్.

ఈ కేసులో అరెస్టయిన జోసెఫ్ పాప్ హార్వర్డ్‌లో డాక్టరేటు తీసుకున్న జీవ పరిణామ శాస్త్రవేత్త, ఆఫ్రికాలో బబూన్ కోతుల మీద పరిశోధన చేసినవాడు. అమెరికాలో పట్టుబడ్డాక అతన్ని బ్రిటన్‌కు అప్పగించారు. వచ్చే డబ్బును ఎయిడ్స్ పరిశోధనకే ఇద్దామనుకున్నానని అతను వాదించాడు. విచారణ ఎదుర్కొనే మానసిక స్థితిలో లేడని 1991లో కోర్టు తేల్చడంతో కేసు అక్కడితో ఆగిపోయింది.

వైద్యుడిగా నన్ను ఆపేది కథలోని మరో భాగం. జిమ్ బేట్స్ అనే బ్రిటిష్ నిపుణుడు ఆ డిస్కును విప్పి చూసి, ఫైళ్ళ పేర్లు మాత్రమే మారాయని, లోపలి సమాచారం భద్రంగానే ఉందని కనిపెట్టాడు. తాళం వేయడానికీ తీయడానికీ ఒకే రహస్యం వాడటం, ఆ రహస్యం ప్రోగ్రాములోనే దొరకడం ఈ దాడిలోని బలహీనత. బేట్స్ విరుగుడు ప్రోగ్రాములు రాసి పంచాడు. కానీ ఆ లోపలే కొందరు హడలిపోయి, కంప్యూటర్లను పూర్తిగా చెరిపేసుకున్నారు. ఇటలీలోని ఒక ఎయిడ్స్ పరిశోధన సంస్థ అలా పదేళ్ళ పరిశోధన సమాచారాన్ని పోగొట్టుకున్నదని అప్పటి కథనాలు చెప్పాయి. రోగం కంటే భయమే ఎక్కువ నష్టం చేసింది. వాళ్ళ దగ్గర వేరేచోట ఒక నకలు ఉండి ఉంటే ఆ పదేళ్ళూ మిగిలేవి. ముప్పై ఏళ్ళ తర్వాత బ్యాటిల్ క్రీక్ వైద్యులకు జరిగిన నష్టానికి మూలం కూడా అదే.

రెండు తాళంచెవులు

పాప్ చేసిన పొరపాటును 1996లో ఆడమ్ యంగ్, మోటీ యుంగ్ అనే ఇద్దరు పరిశోధకులు విశ్లేషించారు. ముందుగా హెచ్చరించాలన్నదే వాళ్ళ ఉద్దేశం. వాళ్ళు చెప్పినది సులువుగా ఇలా అర్థం చేసుకోవచ్చు. ఆర్.ఎస్.ఎ. వంటి పద్ధతిలో రెండు తాళంచెవులు ఉంటాయి. ఒకటి తాళం వేయడానికి మాత్రమే పనికివస్తుంది, దాన్ని ఎవరికైనా ఇవ్వవచ్చు. తీయడానికి పనికివచ్చేది రెండోది, అది సొంతదారు దగ్గరే ఉంటుంది. దాడిచేసే ప్రోగ్రాములో వేసే తాళంచెవి మాత్రమే పెట్టి పంపితే, దాన్ని ఎంత విప్పి చూసినా తీసే తాళంచెవి దొరకదు. జిమ్ బేట్స్ లాంటివాడు వచ్చినా ఏమీ చేయలేడు.

హెచ్చరిక నిజం కావడానికి పదిహేడేళ్ళు పట్టింది. కారణం డబ్బు. పనామా పోస్టు బాక్సుకు చెక్కు పంపమంటే పోలీసులు పట్టుకుంటారు. 2009లో బిట్‌కాయిన్ మొదలయ్యాక ఆ అడ్డు తొలగింది. 2013 సెప్టెంబరులో క్రిప్టోలాకర్ వచ్చింది. ఈమెయిలుకు జతచేసిన ఫైలుగా వచ్చి, ఫైళ్ళకు ఆర్.ఎస్.ఎ. తాళం వేసి, మూడు రోజులలో మూడు వందల డాలర్లో, దానికి సరిపడే బిట్‌కాయిన్లో కట్టమనేది. ఆ మొత్తాన్ని గమనించండి. పెద్ద బ్యాంకును దోచేవాడు అడిగే మొత్తం కాదది. ఒక దంతవైద్యుడో, ఒక పన్నుల లెక్కలు రాసే ఆఫీసో, ఒక పూలకొట్టో నసుక్కుంటూ కట్టేయగల మొత్తం. ‘మన జోలికి ఎవరొస్తారు’ అనుకునేవాళ్ళ కోసమే ఆ ధర పెట్టారు. మరుసటి ఏడాది పలు దేశాల పోలీసులు కలిసి ఆ ముఠా యంత్రాంగాన్ని చేజిక్కించుకున్నారు. అయినా వ్యాపార పద్ధతి అందరికీ తెలిసిపోయింది. 2016 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్‌లోని హాలీవుడ్ ప్రెస్బిటేరియన్ ఆసుపత్రి 40 బిట్‌కాయిన్లు, అప్పటి లెక్కలో 17,000 డాలర్లు, కట్టి తన ఫైళ్ళు విడిపించుకుంది.

కాగితం నుంచి తెరకు

ఇదే సమయంలో మా ఆఫీసుల లోపల మరో మార్పు జరిగింది. 2009లో అమెరికా కాంగ్రెసు చేసిన హైటెక్ చట్టం, రోగుల రికార్డులను కంప్యూటర్లకు ఎక్కించే వైద్యులకు ప్రోత్సాహకం ప్రకటించింది. మెడికేర్ ద్వారా అయితే ఒక్కో వైద్యుడికి అయిదేళ్ళలో 44,000 డాలర్ల దాకా వచ్చేవి. అంతకుముందు సగంమంది కంటే తక్కువ వైద్యుల ఆఫీసులలో ఉన్న ఎలక్ట్రానిక్ రికార్డులు, 2015 నాటికి పదింట ఎనిమిదికి పైగా ఆఫీసులలోకి వచ్చాయి. మేమూ ఆ డబ్బు తీసుకున్నవాళ్ళమే. గోడ పొడవునా ఉన్న కాగితపు ఫైళ్ళ అలమరలు తీసేసిన రోజున స్వీట్లు పంచుకున్నాం. ఆ డబ్బుతో కంప్యూటర్లు కొన్నాం, సాఫ్ట్‌వేర్ కొన్నాం. వాటిని రోజూ కనిపెట్టుకుని ఉండే మనిషిని మాత్రం కొనలేదు.

భద్రత గురించి చట్టం ఏమీ చెప్పలేదని కాదు. 1996 నాటి హిపా చట్టం కింద భద్రతా నియమాలు 2003లో వెలువడి, 2005 నుంచి చాలామందికి అమలులోకి వచ్చాయి. అందులో రెండు రకాల నిబంధనలు ఉన్నాయి. మొదటి రకం తప్పనిసరిగా చేయాల్సినవి. రెండో రకం మీ ఆఫీసు పరిమాణానికి, పరిస్థితికి తగునో కాదో మీరే ఆలోచించి, చేయకపోతే ఎందుకు చేయలేదో రాసిపెట్టి, వీలైతే ప్రత్యామ్నాయం చూసుకోవాల్సినవి. చిన్న ఆఫీసుల మీద భారం పడకూడదన్న మంచి ఉద్దేశంతోనే ఆ వెసులుబాటు ఇచ్చారు. ఆచరణలో మాబోటివాళ్ళం రెండో రకాన్ని ‘ఐచ్ఛికం’ అని చదువుకున్నాం. ఇందులో ఒక విశేషం ఉంది. రికార్డులకు నకలు తీసి ఉంచడం తప్పనిసరి. ఆపద వచ్చినప్పుడు ఆ ఏర్పాట్లు పనిచేస్తాయో లేదో పరీక్షించి చూడటం మాత్రం రెండో రకంలోకి వచ్చింది. ఈ తేడాను తీసివేసి, దాదాపు అన్నిటినీ తప్పనిసరి చేయాలని 2025 జనవరిలో ప్రభుత్వం ఒక ప్రతిపాదన ప్రచురించింది.

పాస్‌వర్డుల చరిత్ర కూడా ఇలాంటిదే. కంప్యూటర్‌కు పాస్‌వర్డు 1960ల మొదట్లో ఎమ్.ఐ.టి.లో, పలువురు పంచుకునే ఒక యంత్రం కోసం వచ్చింది. 1962లోనే ఆలన్ షెర్ అనే విద్యార్థి, తనకు వారానికి కేటాయించిన గంటలు చాలక, పాస్‌వర్డుల ఫైలు మొత్తాన్ని యంత్రం చేతనే అచ్చు వేయించుకున్నాడు. 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ తరఫున బిల్ బర్ అనే ఉద్యోగి, పెద్దక్షరాలు, అంకెలు, గుర్తులు కలిపిన పాస్‌వర్డులు పెట్టి తరచూ మార్చాలన్న మార్గదర్శకం రాశాడు. లోకమంతా దాన్ని పాటించింది. 2017లో ఆయనే అందులో చాలా భాగానికి విచారిస్తున్నానని చెప్పాడు. ఆ ఏడాదే ఆ సంస్థ, గడువు పెట్టి మార్పించడం వద్దని తన సలహాను మార్చుకుంది. మా ముందు గదిలో కీబోర్డుల కింద అతికించిన పసుపు చీటీలకు కారణం సిబ్బంది నిర్లక్ష్యం అని నేను చాలాసార్లు విసుక్కున్నాను. మూడు నెలలకోసారి మారే పన్నెండు అక్షరాల పిచ్చిరాతను మనిషి బుర్ర గుర్తుపెట్టుకోదని, తప్పు మందుచీటీ రాసినవాడిదని ఆలస్యంగా తెలిసింది.

తాళాల గుత్తి ఉన్నవాడు

చిన్న ఆఫీసుకు కంప్యూటర్ల మనిషి ఎలా దొరికాడన్నది ఈ చరిత్రలో ఎవరూ పెద్దగా పట్టించుకోని అధ్యాయం. మొదట్లో యంత్రం చెడితే పిలిచి, గంటల లెక్కన డబ్బిచ్చి బాగుచేయించుకునేవాళ్ళం. ఇంటర్నెట్ వేగం పెరిగాక, దూరం నుంచే అన్ని యంత్రాలనూ చూసుకుంటూ నెలకింత అని తీసుకునే సంస్థలు వచ్చాయి. ఒక్కో సంస్థ తన ఆఫీసులో కూర్చుని యాభై, వంద చిన్న వ్యాపారాల కంప్యూటర్లను నడుపుతుంది. మనకు చవక, వాళ్ళకు స్థిరమైన రాబడి. ఊళ్ళో అన్ని ఇళ్ళ తాళంచెవులూ ఒకే గుత్తికి వేసి ఒకరి చేతికి ఇచ్చినట్టు. ఆ గుత్తి దొంగకు దొరికితే?

2021 జులై 2న, అమెరికా స్వాతంత్ర్య దినోత్సవపు సెలవులకు ముందు శుక్రవారం, సరిగ్గా అదే జరిగింది. ఇటువంటి సంస్థలు వాడే కసేయా అనే కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోని లోపం గుండా రెవిల్ అనే ముఠా చొరబడింది. ఆ లోపాన్ని డచ్ పరిశోధకులు అప్పటికే కనిపెట్టి కంపెనీకి చెప్పారు. దిద్దుబాటు సిద్ధమవుతుండగానే దాడి జరిగిపోయింది. నేరుగా దెబ్బతిన్న సంస్థలు అరవై లోపే. వాటి కింద ఉన్న చిన్న వ్యాపారాలు 800 నుంచి 1,500 దాకా. అందులో దంతవైద్యుల ఆఫీసులు, చిన్న గ్రంథాలయాలు కూడా ఉన్నాయి. స్వీడన్‌లో కోప్ అనే దుకాణాల సంస్థ, డబ్బు తీసుకునే యంత్రాలు ఆగిపోయి, దాదాపు 800 దుకాణాలు మూసుకోవలసి వచ్చింది.

దీనికి ముందే, చిన్నవాడి ద్వారం గుండా పెద్దవాడి ఇంట్లోకి దారి ఉంటుందని రెండుసార్లు రుజువైంది. 2013 చివరలో టార్గెట్ దుకాణాల నుంచి నాలుగు కోట్ల కార్డుల వివరాలు పోయాయి. దొంగలు మొదట పట్టుకున్నది, ఆ దుకాణాలకు శీతలీకరణ పనులు చేసే పెన్సిల్వేనియాలోని ఒక చిన్న కాంట్రాక్టరు పాస్‌వర్డును. 2017 జూన్ 27న ఉక్రెయిన్‌లో ఒక కుటుంబం నడిపే సాఫ్ట్‌వేర్ సంస్థ పన్నుల ప్రోగ్రాము, ఎమ్.ఇ.డాక్, అప్‌డేట్లలోకి ఎక్కించిన నాట్‌పెట్యా లోకాన్ని చుట్టేసింది. ఓడల సంస్థ మెర్స్క్ వేల కంప్యూటర్లను మళ్ళీ మొదటినుంచి సిద్ధం చేసుకోవలసి వచ్చింది. వాళ్ళ యంత్రాంగానికి కీలకమైన సర్వర్ల నకళ్ళలో మిగిలినది ఘానాలో ఒక్కటే, అది కూడా ఆ సమయానికి అక్కడ కరెంటు పోయి ఉండటం వల్ల. కరెంటు కోతలలో చదువుకున్న మాలాంటివాళ్ళకు ఆ కోత ఒకచోట ఇంత మేలు చేసిందంటే చిత్రంగా ఉంటుంది. అదే దాడి న్యూఆన్స్ అనే సంస్థనూ పడగొట్టింది. వైద్యులు మాటలతో చెప్పిన నోట్సును రాతలోకి మార్చే సేవ అది. అనేక ఆసుపత్రులలో వారాలపాటు ఆ పని నిలిచిపోయింది.

అంతకు ఆరు వారాల ముందు, మే 12న, వానాక్రై వచ్చింది. దానికి విరుగుడును మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. ఇంగ్లండులో ఆసుపత్రులతోపాటు 595 కుటుంబ వైద్యుల ఆఫీసులు దాని బారిన పడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లకు అది సోకింది. రెండు నెలల పాటు చేతిలో ఉన్న టీకాను వేసుకోకపోవడమే కారణమని తర్వాత జరిపిన బ్రిటిష్ ప్రభుత్వ ఆడిట్ తేల్చింది.

శనివారం మధ్యాహ్నం

మళ్ళీ 2019కి వస్తాను. బ్యాటిల్ క్రీక్ వార్త చదివిన వారంలో మా ఆఫీసు మేనేజరు ఒక ప్రశ్న అడిగింది. ఆమె ఇరవై ఏళ్ళుగా మాతో ఉన్న మనిషి, కంప్యూటర్ చదువు లేదు. “డాక్టర్‌గారూ, మన బ్యాకప్ నుంచి ఎప్పుడైనా ఒక ఫైలు వెనక్కి తెచ్చి చూశారా?” అంది. లేదు. చూడవలసిన అవసరం ఎప్పుడూ కనిపించలేదు. ప్రతి రాత్రీ ‘బ్యాకప్ విజయవంతంగా పూర్తయింది’ అని ఈమెయిలు వచ్చేది. దాన్ని చదవకుండా తీసేయడం నా ఉదయపు పనులలో ఒకటి.

శనివారం మధ్యాహ్నం కంప్యూటర్లు చూసే సంస్థ మనిషిని పిలిపించి, ముందు రోజు నేను చూసిన ఒక రోగి ఫైలును బ్యాకప్ నుంచి తెప్పించమన్నాం. అతను చాలాసేపు వెతికాడు. ఆ బ్యాకప్‌లోని చివరి ఫైలు ఎనిమిది నెలల క్రితంది. అప్పట్లో కొత్త సర్వరుకు మారాం. నకలు తీసే ప్రోగ్రాము మాత్రం పాత చోటికే చూస్తూ ఉంది. ప్రతి రాత్రీ అక్కడ ఉన్న పాత ఫైళ్ళను శ్రద్ధగా నకలు తీసి, విజయవంతమైందని నిజమే చెప్పింది. ఎవరినీ తప్పుపట్టలేకపోయాను. అతను అడగలేదు, నేను అడగలేదు.

ఎనిమిది నెలలంటే మా క్లినిక్‌లో కొత్తగా కనిపెట్టిన మధుమేహాలు, మార్చిన రక్తపోటు మందులు, పెన్సిలిన్ పడదని తెలిసిన పిల్లలు. మా ఊళ్ళో మా నాన్నకు వైద్యం చేసిన డాక్టరుగారి దగ్గర రికార్డు అంటూ ఏమీ ఉండేది కాదు. మందుచీటీలు, ఎక్స్‌రేలు అన్నీ ఒక గుడ్డసంచీలో మా ఇంట్లో దూలానికి వేలాడేవి. డాక్టరు మారినా, ఆసుపత్రి మూతపడినా ఆ సంచీ ఇంట్లోనే ఉంటుంది. ఇక్కడ ఆ సంచీని మేం రోగి చేతిలోంచి తీసుకున్నాం. తీసుకున్నాక దాన్ని కాపాడటం దయ కాదు, బాకీ.

ఆ ఏడాదే ఆగస్టులో కాలిఫోర్నియాలోని సిమీ వ్యాలీలో వుడ్ రాంచ్ మెడికల్ అనే క్లినిక్ మీద దాడి జరిగింది. వాళ్ళకు బ్యాకప్ ఉంది. కానీ ఆ డిస్కులు కూడా అదే వలయంలో తగిలించి ఉండటంతో వాటికీ తాళం పడింది. 5,835 మంది రోగుల రికార్డులు తిరిగి రాలేదు. డిసెంబరులో ఆ క్లినిక్ కూడా మూతపడింది. మా సంగతి తెలిసినప్పటికి నాలుగు నెలలే గడిచాయి. అంతకంటే దగ్గరగా ఒక దెబ్బ పక్కనుంచి పోవడం నా వృత్తి జీవితంలో అరుదు.

మా చిన్న శస్త్రచికిత్సల గదిలో ఆటోక్లేవ్ ఉంది. పరికరాలను ఆవిరితో శుద్ధిచేసే యంత్రం. పని పూర్తవగానే దానికీ పచ్చదీపం వెలుగుతుంది. ఆ దీపాన్ని మేం నమ్మం. వారానికోసారి, వేడికి తేలికగా చావని ఒక రకం బ్యాక్టీరియా బీజాలున్న పట్టీని లోపల పెట్టి, తర్వాత అవి బతికున్నాయేమో చూస్తాం. యంత్రం ‘అయింది’ అనడం వేరు, సూక్ష్మజీవులు చచ్చాయని తేలడం వేరు అని వైద్య విద్యార్థికి మొదటి ఏడాదిలోనే చెబుతారు. అదే మనిషిని, పక్క గదిలో ప్రతి రాత్రీ వెలిగే పచ్చదీపాన్ని ఎనిమిది నెలలు నమ్మాను.

తర్వాత చేసిన మార్పులు పెద్దవేమీ కావు. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ 2005లో తన పుస్తకం ద్వారా ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటుంది: మూడు నకళ్ళు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. దానికి ‘ఒకటి తీగ తీసేసి’ అని మేం కలుపుకున్నాం. మూడు నెలలకోసారి మేనేజరు తనకు తోచిన ఒక రోగి పేరు చెబుతుంది. ఆ ఫైలు బ్యాకప్ నుంచి వచ్చేవరకూ ఎవరూ ఇంటికి వెళ్ళరు. బయటి నుంచి ఎవరు లోపలికి రావాలన్నా పాస్‌వర్డుతోపాటు ఫోనులో రెండో అనుమతి కావాలి. విడుదలైన దిద్దుబాట్లు వారంలోపు వేయాలి. ప్రతి సాయంత్రం రాబోయే మూడు రోజుల అపాయింట్‌మెంట్లు, ఫోన్ నంబర్లతో సహా కాగితం మీద అచ్చువేసి, తాళమున్న సొరుగులో పెడతాం. ఈ చివరిది బ్యాటిల్ క్రీక్ వైద్యులు నేర్పిన పాఠం. పాత కాగితం చింపి పారేసేటప్పుడల్లా వాళ్ళు గుర్తొస్తారు.

ఇవన్నీ చేస్తే చాలా? చాలదని 2024 ఫిబ్రవరిలో తెలిసింది. దేశంలో వైద్య బిల్లుల లావాదేవీలలో పెద్ద భాగాన్ని నడిపే చేంజ్ హెల్త్‌కేర్ మీద దాడి జరిగింది. దూరం నుంచి లోపలికి వచ్చే ఒక ద్వారానికి ఆ రెండో అనుమతి పెట్టకపోవడమే దారి ఇచ్చిందని, 2.2 కోట్ల డాలర్లు చెల్లించామని, మాతృసంస్థ అధిపతి కాంగ్రెసు ముందు చెప్పాడు. దాదాపు 19 కోట్లమంది వివరాలు బయటపడ్డాయి. మా సర్వరు మీద ఈగ వాలలేదు. అయినా వారాల తరబడి మాకు బిల్లుల డబ్బు రాలేదు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జరిపిన సర్వేలో జవాబిచ్చిన వైద్యులలో సగానికి పైగా, ఆఫీసు ఖర్చులకు సొంత డబ్బు పెట్టామన్నారు. నేనూ ఆ సగంలో ఉన్నాను. పెద్దవాళ్ళకు వేయని గొళ్ళెం మన ఇంటినీ తెరుస్తుంది. చిన్నవాడి జాగ్రత్త అతని చేతిలో ఉన్నంతవరకే కాపాడుతుంది. అందుకే చట్టం చేసేవాళ్ళను పెద్ద సంస్థలనుంచి కూడా ఇదే లెక్క అడగమని కోరడం మన పని.

2022 నవంబరులో ఢిల్లీలోని ఎయిమ్స్ మీద దాడి జరిగి, దాదాపు రెండు వారాలు చేతిరాతతో పని నడిపినప్పుడు, విజయవాడలో నర్సింగ్ హోమ్ నడిపే నా సహాధ్యాయి ఫోన్ చేశాడు. “అంత పెద్ద ఆసుపత్రిని పట్టుకున్నార్రా, మాలాంటి చిన్నవాళ్ళ జోలికి ఎవరొస్తారులే,” అన్నాడు. లాహోర్ దుకాణం దగ్గర మొదలుపెట్టి సిమీ వ్యాలీ దాకా అంతా చెప్పాను. ఓపికగా విన్నాడు. చివరికి ఒక్కటే అడిగాను: మీ బ్యాకప్ నుంచి ఎప్పుడైనా ఒక ఫైలు వెనక్కి తెచ్చి చూశావా?

కాసేపు మాట్లాడలేదు. శనివారం చూస్తానన్నాడు.